బర్మా షెల్ బంకులో మా నాయన లెక్కలు

మా నాయన అనంతపురంలో, బెంగళూరు నుంచి హైదరాబాదుకు పోయే పెద్ద రోడ్డు పక్కనున్న ఒక బర్మా షెల్ పెట్రోలు బంకులో లెక్కలు రాసేవారు. 1950ల మధ్యలో ఆ పనిలో చేరిన ఆయన, కంపెనీ పేరు మారినా, డీలరు కుటుంబంలో తరం మారినా, అదే గదిలో అదే బల్ల ముందు కూర్చుని జీవితమంతా పనిచేశారు. మా ఇంట్లో ఆ కంపెనీ గురించి జరిగినంత ముచ్చట బంధువుల గురించి కూడా జరిగి ఉండదు. అందువల్లనే, పెద్దయ్యాక నేను దాని చరిత్రను చదివినప్పుడు లండన్‌లోను, గ్లాస్గోలోను, నల్లసముద్రం ఒడ్డునున్న బాటూమ్ రేవులోను జరిగిన సంగతులు నాకు పరాయివిగా తోచలేదు. ఆ పెద్ద వ్యాపారం నిలబడింది అక్కడి ఒప్పందాల వల్ల ఎంతో, మా నాయనలాంటివారు రోజూ పొద్దున్నే తీసిన కొలతల వల్ల కూడా అంతే అని నా నమ్మకం. ఆ కొలతల సంగతి చరిత్ర పుస్తకాలలో కనిపించదు కాబట్టి, నాకు గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

పెట్రోలు కంటే ముందు కిరసనాయిలు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కంపెనీ మన దేశపు ఇళ్ళలోకి మోటారు కారు ఎక్కి రాలేదు, బుడ్డి దీపం పట్టుకుని వచ్చింది. మా అవ్వ ఇంట్లో కిరసనాయిలు డబ్బా లేని మూల ఉండేది కాదు. నాలుగు గ్యాలన్లు, అంటే సుమారు 18 లీటర్లు పట్టే ఆ నలుచదరపు రేకు డబ్బాను, నూనె అయిపోయాక పైరేకు కోసి, అడ్డంగా ఒక కట్టె బిగించి, బావి నీళ్ళు మోయడానికి వాడేవారు. కావడికి రెండు వైపులా వేలాడేవి అవే డబ్బాలు. కందులు, కొర్రలు, వేరుశనగ విత్తనాలు పురుగు పట్టకుండా దాచుకునేది వాటిలోనే. చిల్లు పడిన డబ్బాను కూడా పారేసేవారు కాదు, దానిని విప్పి చదును చేసి, పశువుల కొట్టం కప్పుకో, దొడ్డి తడికకో రేకుగా కొట్టేవారు. రాయలసీమలో ఒక వస్తువు పనికిరానిదయ్యేసరికి అది మూడు నాలుగు జన్మలు ఎత్తి ఉంటుంది.

ఈ డబ్బా వెనక ఎంత కథ ఉందో నాకు చాలాకాలం తరువాత తెలిసింది. లండన్‌లో సముద్రపు గవ్వలు, చిప్పలు అతికించిన పెట్టెలు అమ్ముకునే మార్కస్ శామ్యూల్ అనే వ్యాపారి కొడుకులు ఇద్దరు తండ్రి పోయాక తూర్పు దేశాలతో వర్తకాన్ని పెంచారు. వారిలో పెద్దవాడి పేరు కూడా మార్కస్ శామ్యూలే. రష్యా కిరసనాయిలును డబ్బాలలో కాకుండా ఓడ కడుపులోనే నేరుగా నింపి, సూయజ్ కాలువ గుండా ఆసియాకు తీసుకురావాలని ఆయన పథకం వేశాడు. కాలువ అధికారులు అడిగిన భద్రతా నియమాలకు తగినట్లుగా కట్టించిన మ్యూరెక్స్ అనే ఓడ 1892లో బాటూమ్‌లో నూనె నింపుకుని సూయజ్ దాటింది. అలా ఆ కాలువ దాటిన మొదటి చమురు ఓడ అదే. తరువాతి ఓడలకు కూడా ఆయన వరుసగా గవ్వల పేర్లు, చిప్పల పేర్లే పెట్టాడు.

ఓడలో విడిగా నూనె తెస్తే రవాణా ఖర్చు తగ్గుతుంది, అమెరికా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ధర కంటే తక్కువకు అమ్మవచ్చు అని శామ్యూల్ లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క సరైనదే. అయితే, కొనేవారు తమ పాత్రలు తామే తెచ్చుకుంటారని ఆయన అనుకున్నది మాత్రం జరగలేదు. స్టాండర్డ్ కంపెనీ నీలం రంగు డబ్బాలకు అలవాటు పడిన ఆసియా ఖండపు గృహస్థులు నూనెతోపాటు డబ్బాను కూడా కొనుక్కుంటున్నారు, డబ్బా లేని నూనె వారికి సగం సరుకుతో సమానం. దానితో శామ్యూల్ రేకును ఓడల మీద పంపించి, తూర్పు రేవులలోనే డబ్బాలు తయారుచేయించి, వాటికి మెరిసే ఎర్రరంగు వేయించి, అందులో తన నూనె నింపి అమ్మవలసి వచ్చింది. ఈ ఘట్టం చదివిన రోజు నాకు అవ్వ ఇంటి దొడ్డి తడిక కళ్ళముందు నిలిచింది. ప్రపంచంలోని అతి పెద్ద కంపెనీలలో ఒకటి తన వ్యాపార పద్ధతిని మార్చుకున్నది మా అవ్వలాంటి ఇల్లాళ్ళ పొదుపు ముందు తలవంచే కదా అని నాకు నిజంగా గర్వం కలిగింది.

1897లో శామ్యూల్ సోదరులు షెల్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ ట్రేడింగ్ కంపెనీని స్థాపించారు; షెల్ అంటే ఇంగ్లీషులో గవ్వ, చిప్ప. 1907లో అది హెన్రీ డెటర్డింగ్ నడుపుతున్న రాయల్ డచ్ కంపెనీతో కలిసింది, కలయికలో డచ్చివారికి 60 వంతులు, ఇంగ్లీషువారికి 40 వంతులు. కంపెనీ గుర్తు మొదట 1901లో మామూలు ఆల్చిప్ప బొమ్మగా ఉండి, 1904లో గీతలు విచ్చుకున్న విసనకర్ర ఆకారపు చిప్పగా మారింది. శామ్యూల్ కిరసనాయిలును మన దేశానికి దిగుమతి చేసి అమ్మిన గ్రాహం అనే వర్తకుడు తరువాత ఆ కంపెనీ డైరెక్టరయ్యాడని, ఆ చిప్ప ఆయన వంశ చిహ్నం నుంచే వచ్చి ఉండవచ్చని కంపెనీవారే చెప్పుకుంటారు. అది నిజమైతే, మా బంకు నెత్తిమీద వెలిగిన ఆ పసుపు చిప్పకు, మన దేశంలో కిరసనాయిలు అమ్మిన ఒక వర్తకుడికి నేరుగా చుట్టరికం ఉన్నట్టే.

పేరులోని రెండో సగం బర్మాది. 1886లో డేవిడ్ కార్గిల్ గ్లాస్గోలో స్థాపించిన బర్మా ఆయిల్ కంపెనీ, యెనాంగ్యాంగ్ బావుల నూనెను రంగూను దగ్గరి సిరియం శుద్ధి కర్మాగారానికి తెచ్చి, శుద్ధి చేసి మన దేశానికి పంపేది. 1927లో అమెరికా కంపెనీ ఒకటి సోవియట్ కిరసనాయిలు కొని మన దేశంలో అమ్మసాగింది. దానిమీద కోపించిన డెటర్డింగ్ ఇక్కడే ధరల యుద్ధం మొదలుపెట్టాడు. ఆ పోటీ వేడి చల్లారుతున్న 1928లో షెల్, బర్మా కంపెనీలు మన దేశంలోని తమ అమ్మకాలను కలిపివేసి బర్మా షెల్ అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తొలి టపా విమానం నడిపినప్పుడు, అహమ్మదాబాదులో ఆ విమానానికి కావలసిన బర్మా షెల్ పెట్రోలు డబ్బాలను ఎద్దులబండి మీద చేరవేశారన్న సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. మా జిల్లాలో కూడా రైలు దిగిన నూనె పల్లెలకు చేరింది ఎద్దులబండ్ల మీదనే.

మా జేజినాయన ఎప్పుడూ చెప్పిన కథ మాత్రం 1942 తరువాతిది. జపాను సేనలు ముందుకు వస్తుంటే, ఆంగ్లేయులు వెనుదిరుగుతూ సిరియం కర్మాగారాన్ని, యెనాంగ్యాంగ్ బావులను తామే ధ్వంసం చేసి వచ్చారు. శత్రువు చేతికి నూనె చిక్కకూడదన్నది వారి ఆలోచన. ఆ మంటల ఫలితం ఇక్కడి పల్లెలలో దీపం వెలగకపోవడం రూపంలో కనిపించింది. కిరసనాయిలు దొరక్క ఆముదం ప్రమిదలు మళ్ళీ బయటికి వచ్చాయి. పెట్రోలుకు రేషను పెట్టడంతో బస్సుల వెనక బొగ్గు కుంపటి బిగించి, ఆ పొగవాయువుతో నడిపారు. ఆ బొగ్గు బస్సులు గట్టు ఎక్కలేక ఆగిపోతే ప్రయాణికులు దిగి తోసేవారట. బర్మా అంటే మా వైపు వారికి, కోస్తావారిలాగా వలసపోయిన కూలీల జ్ఞాపకం కాదు, దీపం ఆరిపోయిన ఏళ్ళ జ్ఞాపకం.

నాకు ఊహ తెలిసేసరికి, 1960లలో, బంకు చిన్నదైనా ఎంతో శుభ్రంగా ఉండేది. తెల్ల సున్నం వేసిన గది, ముందు వేపచెట్టు, కంకర పరిచిన ఆవరణ, ఎర్ర అక్షరాలతో పసుపు బోర్డు, రెండు పంపులు. అందులో ఒకటి చేతితో తోడేది. పైన గాజు గిన్నెలు ఉండి, పిడి ఊపితే పెట్రోలు వాటిలోకి ఎక్కి కంటికి కనిపించేది. నిండిన తరువాత గొట్టం విప్పితే అది బండి ట్యాంకులోకి దిగేది. గ్యాలన్లు పోయి లీటర్లు వచ్చిన కొత్తలో పాత డ్రైవర్లు లీటర్లలో చెప్పిన మాటను మనసులో గ్యాలన్లలోకి మార్చుకుని, నాలుగున్నరకు ఒకటి అని వేళ్ళమీద లెక్కపెట్టడం నేను చూశాను. కార్లు తక్కువ. వచ్చేవి లారీలు, ప్రభుత్వ జీపులు, డాక్టర్ల ఫియట్లు, ఆ తరువాతి కాలంలో స్కూటర్లు. పల్లె రైతులు బావి మీది ఆయిలింజన్ల కోసం డబ్బాలు పట్టుకుని డీజిలుకు వచ్చేవారు. వేరుశనగ పంట కోతల తరువాత మిల్లులకు కాయలు తోలే లారీలతో బంకు కిటకిటలాడేది. వానలు లేని ఏడు డీజిలు అమ్మకం కూడా ఎండిపోయేది. పంట ఎలా పండిందో బంకు రిజిస్టరు చూసి చెప్పగలను అని నాయన అనేవారు, ఆ మాటలో అతిశయం లేదు.

నాయన పని తెల్లవారుజామున డిప్ రాడ్డుతో మొదలయ్యేది. అంకెలు చెక్కిన పొడవాటి ఇత్తడి కడ్డీ అది. దానిని గుడ్డతో తుడిచి, చివర నీరు తగిలితే రంగు మారే పేస్టు కొంచెం రాసి, భూమిలోని ట్యాంకు మూత తెరిచి, నిటారుగా అడుగు తాకేవరకు దించి, వెంటనే పైకి తీసి తడి గీత ఎక్కడ ఉందో చదివేవారు. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి, ట్యాంకులోకి వాననీరు దిగితే అది అడుగున చేరుతుంది, పేస్టు రంగు మారి చెబుతుంది. కడ్డీ చూపినది లోతు మాత్రమే, లీటర్లు కాదు. పడుకోబెట్టిన పీపా ఆకారంలో ఉండే ట్యాంకులో అడుగునున్న ఒక అంగుళం నూనె కంటే మధ్యలోని ఒక అంగుళం నూనె ఎక్కువ. అందుకని ప్రతి లోతుకు ఎన్ని లీటర్లో లెక్కకట్టిన చార్టు ఒకటి గోడకు వేలాడేది. నాయనకు ఆ చార్టు కంఠతా వచ్చు. అయినా ప్రతిరోజు వేలు పెట్టి చూసి, ఆ తరువాతనే రిజిస్టరులో రాసేవారు. నిన్నటి నిల్వ, వచ్చిన లోడు, పంపు మీటరు చూపిన అమ్మకం, ఈ పొద్దు నిల్వ, ఈ నాలుగూ కలిసేవరకు ఆయన కాఫీ ముట్టేవారు కాదు.

నిల్వ ప్రతిరోజు కొంచెం తగ్గడం సహజమని, ఎంత తగ్గితే సహజమో తెలియడమే విద్య అని ఆయన నాకు నేర్పారు. పెట్రోలు ఆవిరి అవుతుంది. ఒక్కొక్క డిగ్రీ వేడికి వెయ్యింట ఒక వంతు చొప్పున వ్యాకోచిస్తుంది, చల్లబడితే అంతే కుంచించుకుపోతుంది. నాలుగు వేల లీటర్ల చొప్పున మూడు గదులున్న ట్యాంకర్ లారీ మే నెల ఎండలో వచ్చి, భూమిలోని చల్లని ట్యాంకులో నూనె దించితే, పది డిగ్రీల తేడాకే నూరు లీటర్లకు పైగా లెక్కలో కనిపించకుండా పోతుంది. అనంతపురం ఎండలో ఇది చిన్న సంగతి కాదు. దొంగతనం జరగకపోయినా దొంగతనం జరిగినట్టు కనిపించే ఈ తేడాను సరిగ్గా విడదీసి చెప్పగలిగిన లెక్కలవాడు ఉంటేనే డీలరుకు, పంపు పనివారికి మధ్య నమ్మకం నిలుస్తుంది. మేము మామా అని పిలిచే పంపు పనివాడి మీద ఒకసారి అలాంటి అనుమానమే వచ్చినప్పుడు, నాయన మూడు నెలల రిజిస్టరు తెరిచి, ఎండ ముదిరిన రోజులకు, నిల్వ తగ్గిన రోజులకు ఉన్న పొంతనను డీలరుగారికి వరుసగా చూపించారు. ఆ మామ మా ఇంటి పెళ్ళిళ్ళన్నిటికీ ముందురోజే వచ్చి పందిరి పనుల్లో నిలబడేవాడు.

లోడు వచ్చిన రోజు సెలవైతే నేను అక్కడే ఉండేవాణ్ణి. లారీని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, నూనె కదలిక సర్దుకునేదాకా ఆగాలి. సీళ్ళు చెక్కు చెదరలేదని చూడాలి. పైకెక్కి ప్రతి గదినీ కడ్డీతో కొలవాలి. గొట్టం బిగించే ముందు లారీ నుంచి భూమికి తీగ కలపాలి, ఎందుకంటే ప్రవహించే నూనెలో పుట్టే విద్యుత్తు నిప్పురవ్వగా మారవచ్చు. దించుతున్నంతసేపు అమ్మకం నిలిపివేయాలి. ఇసుక బకెట్లు పక్కనే ఉండాలి. అంత రద్దీ రోడ్డు మీద, హారన్ల మధ్య, డ్రైవర్లు తొందరపెడుతున్నా నాయన ఈ వరుసలో ఒక్కటీ వదిలేవారు కాదు. నాగపూరులోని పేలుడు పదార్థాల శాఖ ప్రధాన కార్యాలయం ఇచ్చిన లైసెన్సు పటం అద్దంలో బిగించి దేవుడి పటం పక్కన వేలాడేది. ఊదుబత్తిని మాత్రం గదిలో వెలిగించనిచ్చేవారు కాదు, పటానికి పువ్వు ఒక్కటే.

గిరాకీదారుకు తెలిసిన కొలత మరొకటి ఉంది, అయిదు లీటర్ల ప్రమాణ పాత్ర. ఎవరికి అనుమానం వచ్చినా పంపు నుంచి అందులో పట్టి చూపించాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉంటే ఆ పంపు ఆపివేయవలసిందే. తూనికలు కొలతల శాఖవారు ఏటా వచ్చి పంపు మీటరుకు ముద్ర వేసి సీసపు సీలు బిగించి వెళ్ళేవారు. నాయన వారికోసం ఎదురుచూడకుండా పొద్దున్నే తానే పట్టి చూసి, ఆ అయిదు లీటర్లను మళ్ళీ ట్యాంకులో పోసి, దానిని కూడా రిజిస్టరులో రాసేవారు. అడిగినవాడి ముఖం చిన్నబోకుండా పాత్ర తెచ్చి చూపించాలని పంపు పనివారికి ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

అదే రోడ్డు మీద అప్పట్లో ఎస్సో బంకు, కాల్టెక్స్ బంకు కూడా కనిపించేవి. ఎస్సో పెద్దపులి బొమ్మ పిల్లలందరికీ ఇష్టం, నాకు కూడా ఇష్టమే, అయినా ఇంట్లో ఆ మాట అనేవాణ్ణి కాదు. కాల్టెక్స్ బోర్డు మీద నక్షత్రం ఉండేది. ఆ కంపెనీ 1957లో విశాఖపట్నంలో కట్టిన శుద్ధి కర్మాగారం తెలుగు నేల మీద మొదటిది. అంతకు ముందే బొంబాయి ట్రాంబేలో 1954లో ఎస్సోకు పూర్వరూపమైన స్టాన్‌వాక్, 1955లో బర్మా షెల్ తమ కర్మాగారాలు ప్రారంభించాయి. మూడు కంపెనీలూ విదేశీయులవే. 1960లో సోవియట్ దేశం చవకగా ముడి చమురు ఇస్తానన్నప్పుడు ఈ మూడూ దానిని తమ కర్మాగారాలలో శుద్ధి చేయడానికి ఒప్పుకోలేదు. దానితో ప్రభుత్వం, అంతకు ముందు సంవత్సరమే పుట్టిన ఇండియన్ ఆయిల్ ద్వారా సోవియట్ డీజిలును నేరుగా తెప్పించి అమ్మించింది. ఊరి బయట ఇండియన్ ఆయిల్ బంకు వెలిసినప్పుడు మా డీలరుగారు దిగులుపడ్డారు. నాయన మాత్రం, "పోనీండి సామీ, మన దేశపు బంకు మన రోడ్డు మీద లేకపోతే ఎట్లా?" అన్నారట. బర్మా షెల్ జీతం తింటూ ఆ మాట అనగలగడం ఆయన స్వభావం.

1973 అక్టోబరు తరువాతి రోజులు కష్టమైనవి. పశ్చిమాసియా యుద్ధంతో ముడి చమురు పీపా ధర 3 డాలర్ల దగ్గర నుంచి కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దాకా ఎగబాకింది. పెట్రోలు ధర ఒక్కసారిగా పెరగడంతో డాక్టర్లు సైతం సైకిళ్ళు బయటికి తీశారు. లోడు ఎప్పుడు వస్తుందో చెప్పలేని రోజుల్లో బంకు ముందు తాడు కట్టి, ఆసుపత్రి బండ్లకు, బస్సులకు కొంత నిల్వ విడిగా ఉంచేవారు. తెలిసినవారు వచ్చి ఇంటి దగ్గర అడిగినా నాయన ఇవ్వలేదు. అందువల్ల మాకు ఒకరిద్దరు దగ్గరి బంధువులతో మాటలు తెగిపోయిన మాట నిజం.

అప్పటికే చమురు దేశం చేతిలో ఉండాలన్న ఆలోచన బలపడింది. 1974లో చట్టం ద్వారా ఎస్సోలో 74 శాతం వాటాను ప్రభుత్వం తీసుకుంది, దాని నుంచే హిందుస్తాన్ పెట్రోలియం పుట్టింది. పులి బొమ్మ రోడ్డు మీద నుంచి మాయమైంది. మా వంతు ఎప్పుడు వస్తుందా అన్న మాటలు బంకులో రోజూ నడిచేవి. కేశవదేవ్ మాలవీయ పెట్రోలియం మంత్రిగా ఉండగా, 1976 జనవరి 24న, శనివారం నాడు బర్మా షెల్ భారత ప్రభుత్వపరమైంది. నేను అప్పుడు ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. ఆదివారం పొద్దున నేను బంకుకు పోయేసరికి నాయన ఎప్పటిలాగే డిప్ రాడ్డు తుడుస్తున్నారు. బోర్డు అలాగే ఉంది, పంపులు అలాగే ఉన్నాయి. ఆ రోజు నిల్వ రాసిన వరుస పక్కన మాత్రం ఆయన ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. పాత యజమానికి, కొత్త యజమానికి మధ్య నూనె ఎంత ఉన్నదీ స్పష్టంగా ఉండాలి కదా అన్నారు. ఆ గీతను గీయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సంస్థకు మొదట భారత్ రిఫైనరీస్ అని పేరు పెట్టారు. 1977 ఆగస్టు 1 నుంచి భారత్ పెట్రోలియం అయింది. దానికి వారం ముందే, జూలై 25న, మా జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆ వారమంతా బంకులో ఆయన గురించిన మాటలే గాని, కొత్త పేరు గురించి మాట్లాడిన వారు తక్కువ. బోర్డు మార్చిన రోజున పెయింటరు పసుపు చిప్ప మీద తెల్లరంగు పూస్తుంటే మామ అడ్డుపడి, బొమ్మను అలాగే దించి లోపల పెట్టుకుందామని బతిమాలాడు. డీలరుగారు ఒప్పుకోలేదు. విదేశీ కంపెనీ పోయిందని నాకు సంతోషమే. కాని, పుట్టినప్పటి నుంచి చూసిన గుర్తు పోతుంటే కడుపులో కలుక్కుమన్నదీ నిజమే.

బర్మా షెల్‌ను ప్రభుత్వపరం చేసిన చట్టం వల్ల ఇబ్బందిపడినవారు కూడా ఉన్నారు. పాత కంపెనీ దేశమంతటా బంకుల కోసం ప్రైవేటు స్థలాలను కౌలుకు తీసుకుని ఉండేది. ఆ కౌలు గడువు తీరినప్పుడు, ప్రభుత్వం కోరితే పాత షరతులతోనే మళ్ళీ పొడిగించుకునే వీలు చట్టంలో ఉండేది. దానితో ఎన్నో ఊళ్ళలో నడిబజారు స్థలాల యజమానులు పాత చిన్న అద్దెకే కట్టుబడి, కోర్టుల చుట్టూ తిరిగారు. జాతీయం చేయడం మంచిదని నేను ఇప్పటికీ అంటాను, కాని ఆ స్థలాల యజమానుల గోడు కూడా న్యాయమైనదే.

కొత్త సంస్థ పాత పద్ధతులను పారేయలేదు, పైగా మరికొన్ని కలిపింది. తరువాతి ఏళ్ళలో హైడ్రోమీటరుతో సాంద్రత కొలిచి, అప్పటి ఉష్ణోగ్రతను బట్టి 15 డిగ్రీల లెక్కకు మార్చి, లోడు చలానాలోని అంకెతో పోల్చడం తప్పనిసరి అయింది. ఘనమీటరుకు 3 కిలోలకు మించి తేడా వస్తే ఆ నూనెను అమ్మకూడదు. కల్తీని పట్టడానికి వడపోత కాగితం మీద ఒక చుక్క పెట్రోలు వేసి, ఆరాక మరక మిగిలిందా అని చూడడం గిరాకీదారుడు కూడా చేయగల పరీక్ష. నాయన అప్పటికి యాభై దాటినవారు. ఆ పట్టికలు కొత్త కుర్రవాళ్ళకంటే ముందు నేర్చుకుని, వారికి ఆయనే నేర్పారు.

2003లో ప్రభుత్వం భారత్ పెట్రోలియం, హిందుస్తాన్ పెట్రోలియం సంస్థలలో తన వాటాను అమ్మాలని చూసినప్పుడు కొనాలనుకున్నవారిలో షెల్ కూడా ఉందని పత్రికలలో వచ్చింది. ఆ ఏడు సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పార్లమెంటు చట్టంతో తీసుకున్న ఆస్తిని, ఆ చట్టాన్ని పార్లమెంటు మార్చకుండా అమ్మడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. అప్పటికి నాయన పనికి పోవడం మానివేశారు. పత్రిక నాచేత రెండుసార్లు చదివించుకుని, "చట్టం రాసినవాళ్ళు లెక్క సరిగానే రాసినారు" అన్నారు.

షెల్ అయితే మరో దారిలో వచ్చింది. సొంతంగా బంకులు పెట్టుకునే అనుమతి పొంది, 2004 ప్రాంతంలో బెంగళూరులో తెరవడం మొదలుపెట్టింది. పేరులోని రెండో సగం కథ కూడా విచిత్రమే. బర్మా ఆయిల్ కంపెనీ 1966లో క్యాస్ట్రాల్‌ను కొనుక్కుంది, 2000లో ఆ రెండింటినీ బ్రిటిష్ కంపెనీ బీపీ కొనుక్కుంది, అదే బీపీ 2020లో రిలయన్సుతో జతకట్టి, తరువాత జియో బీపీ పేరుతో బంకులు తెరిచింది. ఒకప్పుడు ఒకే బోర్డు మీదున్న రెండు కంపెనీల వారసులు ఇప్పుడు మన రోడ్ల మీద ఎదురెదురుగా అమ్ముతున్నారు.

బెంగళూరుకు పోయినప్పుడు నేను ఒక షెల్ బంకులో ఆగాను. చిప్ప గుర్తు 1971లో రేమండ్ లోవీ దిద్దిన కొత్త రూపంలో ఉంది, మా బోర్డు మీదిదాని కంటే గీతలు తక్కువ. ట్యాంకులో నూనె ఎంత ఉందో లోపలి కంప్యూటరే క్షణక్షణం చూపుతోంది. అయినా ఆ యంత్రం సరిగ్గా చెబుతోందో లేదో చూడడానికి డిప్ రాడ్డు వాడుతున్నామని అక్కడి మేనేజరు చెప్పాడు. అయిదు లీటర్ల పాత్ర అడిగితే, మొహం చిన్నబుచ్చుకోకుండా తెచ్చి పట్టి చూపించాడు. "సార్, మీరు తూనికల శాఖవారా?" అని అడిగాడు. కాదని చెప్పి, అనంతపురం బంకు సంగతి చెబితే, ఎండాకాలంలో నిల్వ తగ్గుదలను మా నాయన ఎలా లెక్కకట్టేవారో చెప్పమని అడిగి, కాగితం తీసి రాసుకున్నాడు.